నైట్ షిఫ్ట్ వారాల్లో చేతి మాటలు

మొన్న మా అమ్మాయి స్కూల్లో టీచరుగారు నన్ను పిలిపించారు. ఆవిడ చాలా మర్యాదగా, నాకంటే ఎక్కువ బాధపడుతూ చెప్పారు. పిల్ల తెలివైనదేనట, బొమ్మలు చక్కగా వేస్తుందట, కథలు అల్లడంలో క్లాసులో దాన్ని మించినవాళ్లు లేరట. కానీ ఒక్క చోట కుదురుగా కూర్చోదట. మొన్నటి పరీక్షలో సగం పేపరు రాసి, మిగతా సగంలో ఏనుగు బొమ్మ వేసిందట. నేను మొహం వీలైనంత దిగులుగా పెట్టుకుని తలూపుతున్నాను. లోపల మాత్రం ఆ ఏనుగుని ఒక్కసారి చూపించమని అడగాలని ఒకటే ఉబలాటం.

"మీ ఇంట్లో చిన్నప్పుడు ఇలా ఎవరైనా ఉండేవారా అండీ?" అని అడిగారావిడ.

ఉండేవారా! ఒళ్లో బుద్ధిగా పెట్టుకున్న నా చేతులు వాటంతటవే గాల్లోకి లేచాయి. "మేడమ్, మీకు టైముందా?" అన్నాను. ఆవిడకి లేదు పాపం, బయట ఇంకా చాలామంది తల్లిదండ్రులు వరసలో ఉన్నారు. చెప్పకుండా ఉండడం నా వల్ల కాదు. అందుకే ఇదిగో, ఇక్కడ చెబుతున్నాను.

నేను పుట్టిందీ పెరిగిందీ భిలాయిలో. ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో మా తాతయ్య విజయనగరం వైపు నుంచి ఖలాసీల గుంపుతో వచ్చాడు. ఖలాసీలంటే పెద్ద పెద్ద ఇనప దూలాలకి తాళ్లూ గొలుసులూ కట్టి, క్రేనుతో లేపించి, వాటి చోట్లో కూర్చోబెట్టేవాళ్లు. క్యాంప్ 1లో రేకుల ఇంట్లో కాపురం పెట్టాడు తాతయ్య. నాన్నకి కూడా ప్లాంటులో అదే పని దొరికాక మేము మరోదా సెక్టార్లో కంపెనీ క్వార్టరుకి మారాం. పై అంతస్తులో రెండు గదులు, ఒక వంటిల్లు, అమ్మ, నాన్న, నేను, చెల్లి.

మా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అప్పుడే కొత్తగా పుట్టింది. మా పుస్తకాల్లో ఇంకా మధ్యప్రదేశ్ అనే ఉండేది, రాజధాని భోపాల్ అనే ఉండేది. మా హెడ్‌మిస్ట్రెస్‌ని అందరం పెద్ద మేడమ్ అనేవాళ్లం. మాకు సోషల్ కూడా ఆవిడే చెప్పేవారు. ఆవిడ ఆ పేజీల మీద పెన్సిలుతో గీత కొట్టించి, బోర్డు మీద సుద్దముక్కతో కొత్త రాష్ట్రం గీశారు. అచ్చం సముద్రపు గుర్రంలా వచ్చింది. సముద్రమే లేని రాష్ట్రానికి సముద్రపు గుర్రం ఆకారమేమిటని నేను పడీ పడీ నవ్వాను. నవ్వినందుకు గోడ దగ్గర నిలబడ్డాను. ఆ గోడ నాకు బాగా చుట్టం, దాని సున్నంలో ఎక్కడెక్కడ ఏ జంతువు బొమ్మ దాగుందో నాకు నోటికొచ్చు.

చెప్పొద్దూ, నేను కాలుగాలిన పిల్లిని. పొద్దున్న పోహా తెమ్మని డబ్బా ఇచ్చి పంపితే, దారిలో జిలేబీ చుడుతున్న భయ్యా చెయ్యి ఎటు తిరుగుతోందో చూస్తూ నిలబడిపోయేదాన్ని. ఎడమవైపు నుంచి మొదలెట్టి కుడివైపు ముగిస్తే చుట్టు విడిపోదని కనిపెట్టి, గంతులేస్తూ ఖాళీ డబ్బాతో ఇంటికొచ్చేదాన్ని. షిఫ్టు మారే వేళ రోడ్డు నిండా సైకిళ్లు వరదలా వచ్చేవి. ఎర్రదుమ్ము, కోక్ ఓవెన్ల గ్యాసు వాసన, సైకిలు గొలుసుకి పూసిన నూనె వాసన అన్నీ కలిసి ముక్కుకి తగిలేవి. ఆ సైకిళ్ల బెల్లుల్లో నాన్నది ఏదో గుర్తుపట్టే ఆటలో హోమ్‌వర్కు ఎప్పుడో కొట్టుకుపోయేది.

చెల్లి మాత్రం అమ్మ ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉండేది. పుస్తకం తీస్తే మూసేదాకా చదివేది. "ఒకే కడుపున పుట్టినారు, దీని కాళ్లకి మాత్రం సక్రాలెవులు కట్టీసినారో" అని అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది.

అసలు చిక్కు నైట్ షిఫ్ట్ వారాల్లో వచ్చేది. ఆ వారమంతా నాన్న రాత్రి పనిచేసి పగలు పడుకునేవాడు. ఉన్నవి రెండే గదులు, మధ్యలో తలుపు లేదు, తెర ఉంది. ఇంట్లో చీమ నడిచినా చప్పుడు కాకూడదు. అమ్మ కుక్కరు పెట్టడం మానేసి పప్పు గిన్నెలో ఉడికించేది. రేడియో బీరువా ఎక్కేది. నేను గట్టిగా ఊపిరి పీల్చినా అమ్మ కళ్లు ఉరిమేవి.

"రాత్రంతా ఇనుం లేపొచ్చిన మనిషే. పగలు నిద్దర సాలకపోతే రాత్రి సెయ్యి తూలిపోద్ది. తూలితే దూలం ఎవుల మీద పడతాదో తెల్దు. అర్తమౌతందా నీకు?" అనేది.

అర్థమయ్యేది. నిజంగా భయం వేసేది కూడా. అయినా ఆ భయం నా నోట్లోనూ కాళ్లలోనూ ఎక్కువసేపు నిలిచేది కాదు. ఒక కొత్త సంగతి తట్టగానే అరిచేసేదాన్ని. తెర వెనక మంచం కిర్రుమనేది. అమ్మ తల పట్టుకునేది.

దీనికి ఉపాయం నాన్నే కనిపెట్టాడు. ప్లాంటులో ఆ మోతకి పక్కవాడి మాటే వినపడదు. క్రేను డ్రైవరేమో ఎక్కడో పైన క్యాబిన్‌లో ఉంటాడు. కింద నిలబడ్డ ఖలాసీ చేతులతోనే అతనికి అంతా చెప్పాలి. ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే నాన్న మమ్మల్నిద్దరినీ ఎదురుగా నిలబెట్టాడు. వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాడు. "ఇది హాబీస్. అంటే ఎత్తు." వేలు కిందికి చూపి తిప్పాడు. "ఇది ఆరియా. అంటే దించు." తిప్పే చేతి ముందు రెండో అరచెయ్యి కదలకుండా పెట్టాడు. "ఇది మెల్లగా." రెండు అరచేతులూ నేలకి చూపి అడ్డంగా ఊపాడు. "ఇది ఆపు. ఇంక నాను తొంగున్నపుడు నోటితో మాటొద్దు. ఏటి సెప్పాలన్నా సేతితోనే సెప్పాల."

నాకు పండగే పండగ! ఆ నాలుగు సిగ్నళ్లూ నాకు ఏ మూలకీ చాలలేదు. ముక్కు మూసుకుని హాబీస్ అంటే ఎండు నెత్తళ్లు పొయ్యెక్కాయని. చెవి పట్టుకుని ఆరియా అంటే అమ్మ కోపం దిగిందని. పెదాల ముందు మెల్లగా పెడితే చెల్లి ఏడవబోతోందని. వారం తిరిగేసరికి చెల్లికీ, కింది క్వార్టర్లో ఉండే నా స్నేహితురాలికీ మొత్తం నేర్పేశాను. దాని నాన్న కూడా ఖలాసీయే, మా ఇద్దరిదీ ఒకే క్లాసు. మేము మెట్ల దగ్గర నిలబడి ఒక్క మాట లేకుండా పోట్లాడుకునేవాళ్లం, ఒక్క మాట లేకుండా కలిసిపోయేవాళ్లం. అమ్మ మాత్రం ఒక్క సిగ్నలు కూడా ముట్టుకునేది కాదు. "ఏటా కోతి సేష్టలు, దేవుడు నోరిచ్చినాడు గదా" అనేది, మళ్లీ నోరెత్తితే ఊరుకునేది కాదు.

అన్నట్టు కోడి సంగతి చెప్పకపోతే ఎలా! మా కింద ఇంకో వైపు క్వార్టర్లో ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ ఉండేది, మేం కాకీ, అంటే పిన్నీ, అని పిలిచేవాళ్లం. ఆవిడకి గోధుమరంగు పెట్ట ఒకటి ఉండేది, కన్నబిడ్డలా చూసుకునేది. ఒక మధ్యాహ్నం నాన్న పాత కప్పీ ఒకటి అటక మీద కనబడింది. దాన్ని బాల్కనీ కమ్మీకి కట్టి, బట్టలారేసే తాడు ఎక్కించి, చివర వెదురుబుట్ట వేలాడదీశాను. నేను క్రేను డ్రైవర్ని. కింద స్నేహితురాలు ఖలాసీ. మొదట ఇటుక ఎత్తాం, తర్వాత సొరకాయ ఎత్తాం. అంతా సజావుగా జరిగిపోయేసరికి మాకు విసుగేసింది. ప్రాణం ఉన్నదాన్ని ఎత్తాలనిపించింది. పెట్ట నూకలు ఏరుకుంటూ తనకు తానే వచ్చి బుట్టలో కూర్చుంది, ప్రమాణం చేసి చెబుతున్నాను. స్నేహితురాలు వేలు పైకి తిప్పింది. నేను లాగాను.

సగం దూరం చక్కగా వచ్చింది. అక్కడ బుట్ట గిర్రున తిరగడం మొదలెట్టింది. పెట్ట వాడంతా వినబడేలా కేకలు పెట్టింది. "ఏ టూరీ! మోర్ కుకరీ లా ఉతార్!" అని, తన కోడిని దించమని, కాకీ చీపురు పట్టుకుని కింద చిందులు తొక్కుతోంది. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. అమ్మ వెనకే లుంగీ సర్దుకుంటూ, కళ్లు ఎర్రగా, నాన్న.

నా పని అయిపోయిందనుకున్నాను. నాన్న వచ్చి ముందు తాడు అందుకున్నాడు. పెట్టని మెల్లగా కిందికి దించి, కాకీకి దండం పెట్టాడు. తర్వాత కప్పీ దగ్గర కట్టిన ముడిని వేలితో నొక్కి చూశాడు.

"ఈ ముడి ఎవులేసినారు?"

"నేనే నాన్నా."

"గట్టిగానే ఏసినావు. గానీ బుట్ట తిరక్కుండా రెండో తాడు కట్టాల. అది కట్టకుండా ఎత్తీసినావేటి?"

"అదా నువ్వు సెప్పాల్సింది?" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. నాన్న అప్పుడు గుర్తొచ్చి నన్ను నాలుగు తిట్లు తిట్టాడు. ఆ తిట్లు నాకు తగల్లేదు. గట్టిగానే వేశానన్న మాట మాత్రం చెవుల్లో మోగుతూనే ఉంది, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు పొంగుతుంది.

బడిలో ఈ ముళ్లకి మార్కుల్లేవు. ఆ ఏడాది నేను మూడు నెలల పరీక్షలో దాదాపు అన్ని సబ్జెక్టులూ తప్పాను. దసరా సెలవులకి మా పెద్ద మావయ్య వచ్చాడు. ఆయన అమ్మకి స్వయానా అన్నయ్య, విజయనగరం దగ్గర ఊళ్లో చర్చి పెద్ద. మూటలో ఎండు రొయ్యలు, మామిడి తాండ్రతో పాటు ఈసారి ఒక ఆలోచన కూడా తెచ్చాడు. వాళ్ల ఊరి దగ్గర ఒక హాస్టలు ఉందట. అక్కడ పిల్లల్ని బెత్తం చూపించి బల్ల దగ్గర కూర్చోబెడతారట.

"నా మాటిను సెల్లీ. ఆరు నెలలు అక్కడ ఒగ్గీసినావంటే ఈ గుంట సూది పడినా కదలదు. వార్డెను మన సంగం మనిసే. కొత్త సమ్మత్సరానికి సేర్సీసుకుంటాడు" అన్నాడు మావయ్య.

నేను చదివేది హిందీ మీడియం. తెలుగు గలగలా మాట్లాడతాను గానీ, అక్షరాలు చర్చిలో పాటల పుస్తకం చూసి నేర్చినవే, కూడబలుక్కుని చదివేదాన్ని. అక్కడ నాకు తెలిసినవాళ్లుండరు, చెల్లి ఉండదు, చేతి మాటలు అర్థం చేసుకునేవాళ్లు ఉండరు. అమ్మ వైపు చూశాను. అమ్మ కాదనలేదు. అలసిపోయిన మొహంతో కింద పరిచిన చాప అంచు సరిచేస్తూ కూర్చుంది. నాన్న చాలాసేపు గడ్డం గోక్కుని, "ఆరు నెలల పరీక్షలు క్రిస్మస్ ముందరే గదా. అందులో పాసయితే ఇక్కడే ఉంటాది. నేకపోతే నీతో అంపుతాం బావా" అన్నాడు. ఆ వారమే అమ్మ పవర్‌హౌస్ బజారు నుంచి రేకు పెట్టె కొనుక్కొచ్చింది. దాని కొత్త రంగు వాసన ఇంట్లో ఏ మూలకి వెళ్లినా నా వెంటపడేది.

ఇక చదవాలి. కూర్చున్నాను. నిజంగా కూర్చున్నాను. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనబడతాయి, చదువుతాను, పేజీ తిప్పేసరికి ఒక్కటీ మిగలదు. ఏడుపొచ్చేది. అది నైట్ షిఫ్ట్ వారం, బయటికి చదవడానికీ లేదు. ఒకరోజు పెద్ద మేడమ్ చెప్పిన నదుల పాఠం ముందేసుకుని, నోరు మూసుకుని, ఊరికే చేతులు ఆడించాను. మహానది సిహావా కొండల్లో పుడుతుంది, అందుకు నడుం దగ్గర పిడికిలి. ఉత్తరానికి పోతుంది, హాబీస్. తర్వాత తూర్పుకి తిరిగి ఒరిస్సాలోకి వెళ్తుంది, చెయ్యి చాచి కుడివైపు ఆరియా. మన దుర్గ్ పక్కన పారే శివనాథ్ ఎడమ చెయ్యి, అది మెల్లగా వచ్చి కుడిచేతి మణికట్టులో కలుస్తుంది. బస్తర్లో ఇంద్రావతి పడమటికి పోతుంది, వెళ్లి మా గోదావరిలో పడుతుంది!

పుస్తకం మూశాను. చేతులు కదిపాను. అన్నీ ఉన్నాయి! ఒక్కటీ ఎక్కడికీ పోలేదు! అరవబోయి, నాన్న గుర్తొచ్చి, నోట్లో దుప్పటి కుక్కుకుని మంచం చుట్టూ గెంతాను. ఆ రోజు నుంచి అన్నీ చేతులకే నేర్పాను. పంటలు, ఖనిజాలు, సైన్సులో గుండెలోకి రక్తం వచ్చే దారీ పోయే దారీ, అన్నీ. చెల్లి, స్నేహితురాలు ఎదురుగా కూర్చుని నాతోపాటు చేతులు ఆడించేవాళ్లు. మమ్మల్ని చూసి అమ్మ, "ప్రభువా, ఒకత్తి సాలక ముగ్గుర్ని సేసినావా" అని లోపలికి వెళ్లిపోయేది.

సోషల్ పరీక్ష రోజు చలి కొరికేస్తోంది. మా గదికి లెక్కల సారు కాపలా. పేపరు చేతికి రాగానే చూశాను. మన రాష్ట్రంలో ముఖ్యమైన నదుల గురించి రాయండి. కళ్లు మూసుకున్నాను. పిడికిలి నడుం దగ్గర పెట్టాను. హాబీస్. ఆరియా. ఎడమ చెయ్యి మెల్లగా వస్తోంది...

"హాథ్ నీచే!"

కళ్లు తెరిచాను. చేతులు దించమంటూ లెక్కల సారు నా నెత్తి మీద ఉన్నారు. నా ముందు రెండు బల్లల అవతల స్నేహితురాలు రబ్బరు కోసమని వెనక్కి తిరిగి ఉంది. దాని చెయ్యి కూడా గాల్లోనే, శివనాథ్ దగ్గర ఆగి ఉంది.

ఆయన ఇద్దరి పేపర్లూ లాక్కున్నారు. సైగలతో కాపీ కొడుతున్నారన్నారు. కాదని చెప్పబోయాను. చెప్పాలంటే చేతులు ఆడాలి, ఆడితే ఆయనకి ఇంకా కోపం వస్తోంది. మర్నాడు నాన్నని తీసుకురమ్మన్నారు. ఇంటికి ఎలా నడిచానో తెలీదు. సాయంత్రం సంగతి విన్న అమ్మ రేకు పెట్టె మీది దుమ్ము తుడిచింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు నాన్న నైట్ షిఫ్ట్ దిగి, ఇంటికి రాకుండా నేరుగా సైకిలు మీద బడికే వచ్చాడు. చంకలో హెల్మెట్టు, చొక్కా నిండా గ్రీజు మరకలు. పెద్ద మేడమ్ గదిలో లెక్కల సారు తాను చూసింది చేసి చూపించారు. వేలు పైకి తిప్పారు, కిందికి తిప్పారు, అరచెయ్యి అడ్డం పెట్టారు. "ఇవి ఏమిటో మీకు తెలుసా?" అని హిందీలో అడిగారు.

నాన్న మొహం వెలిగింది. తన పని గురించి ఆ బడిలో అడిగినవాళ్లు అంతకుముందు లేరు మరి. "హా సార్! యే సిగ్నల్ హై. మేమే వాడతాం. నేనే నేర్పించాను పిల్లకి" అన్నాడు గర్వంగా. అన్నాక గానీ తను ఏం ఒప్పుకున్నాడో ఆయనకి తెలిసిరాలేదు. లెక్కల సారు చేతులు కట్టుకుని వెనక్కి వాలారు. నా కొంప మునిగింది. ముంచింది మా నాన్నే.

పెద్ద మేడమ్ నన్ను దగ్గరికి పిలిచారు. "చేతులు వెనక్కి కట్టుకో. నదులు చెప్పు."

కట్టుకున్నాను. నోరు తెరిచాను. ఒక్క నది కూడా రాలేదు! మహానది పేరే రాలేదు! నాన్న బూట్ల వైపు చూస్తున్నాడు. నా కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకుందామంటే చేతులు వెనక ఉన్నాయి.

"దేఖా మేడమ్?" అన్నారు సారు.

పెద్ద మేడమ్ ఆయన్ని చూడలేదు. నా భుజాలనే చూస్తున్నారు. అవి వాటంతటవే కదులుతున్నాయట, ఆవిడ తర్వాత చెప్పారు. "అచ్ఛా, చేతులు వదిలెయ్" అన్నారు.

వదిలాను. ఇక చూడండి! పిడికిలి నడుం దగ్గరికి వెళ్లడమేమిటి, మహానది సిహావా నుంచి బయల్దేరి ఉత్తరానికి లేచింది. శివనాథ్ వచ్చి కలిసింది, హస్‌దేవ్ వచ్చి కలిసింది. నది ఒరిస్సా వైపు తిరిగేటప్పుడు నా చెయ్యి బల్ల మీది టీ గ్లాసుకి తగిలి, టీ అంతా తూర్పు దిక్కుగానే పారింది. నేను ఆగలేదు. ఇంద్రావతిని బస్తరంతా నడిపించి గోదావరిలో కలిపి, "అది మా ఆంధ్రా నది మేడమ్!" అని అరిచి గానీ ఊపిరి తీసుకోలేదు.

పెద్ద మేడమ్ తడిసిన కాగితాలు పైకి పట్టుకుని పకపకా నవ్వారు. తర్వాత స్నేహితురాలిని పిలిచి గోడ దగ్గర నిలబెట్టి, నన్ను నోరు మూసుకుని ఇంకో పాఠం చేతులతో చెప్పమన్నారు. అది గడగడా చదివేసింది, ఖనిజాలన్నీ, ఏ జిల్లాలో ఏది దొరుకుతుందో కూడా. చదివేశానని మురిసిపోతూ నా వైపు చూసింది. లెక్కల సారు కుర్చీలోంచి లేచారు. "కాపీ కొట్టొచ్చని ఇప్పుడు రుజువైంది కదా మేడమ్!"

ఆయన చెప్పిందీ నిజమే. అందుకే పెద్ద మేడమ్ తీర్పు ఇలా ఇచ్చారు. ఇద్దరూ కొత్త పేపరు మళ్లీ రాయాలి. వేరే వేరే గదుల్లో, గోడ వైపు తిరిగి. చేతులు ఎంత కావాలంటే అంత ఆడించుకోవచ్చు. ఆ మధ్యాహ్నమే నేను ఖాళీ గదిలో ఒక్కదాన్నే కూర్చుని, లేచి, తిరిగి, చేతులు ఊపి, మళ్లీ కూర్చుని, పేపరు చివరిదాకా రాశాను. నా జన్మలో చివరి ప్రశ్న దాకా వెళ్లడం అదే మొదటిసారి. నాన్న ఇంటికి వెళ్లి, "మళ్లీ రాయిస్తన్నారు" అన్న ఒక్క మాట అమ్మకి చెప్పి, అన్నం తినకుండానే పడిపోయి నిద్రపోయాడట.

ఫలితాలు రాకముందే, క్రిస్మస్ దగ్గర పడుతుండగా మావయ్య దిగాడు. మధ్యాహ్నం వేళ, నాన్న తెర వెనక నిద్రలో ఉన్నాడు. వంటిల్లంతా నెయ్యి, ఏలకులు, వేగిన కొబ్బరి వాసన. అమ్మ కజ్జికాయలు వత్తుతోంది. నేనూ చెల్లీ అంచులు నొక్కుతున్నాం. పరీక్షలో పట్టుబడ్డ సంగతి మావయ్యకి వీధి చివరే ఎవరో చెప్పేశారు.

"కాపీ కొట్టి దొరికీసినాదంట గదా! ఇంకేటి సూడాల? రిజల్టు దేనికి? సామాన్లు సర్దీయ్ సెల్లీ, పండగెల్లిన మర్నాడు బండికి తీసుకెల్లిపోతాను" అన్నాడు. ఆయన గొంతు చర్చిలో మైకు లేకుండా ప్రార్థన చేసే గొంతు. తెర వెనక మంచం కిర్రుమంది.

"మెల్లగా అన్నయ్యా" అంది అమ్మ.

"మెల్లగా అంటూనే పాడు సేసినారు. మీకు అలవాటు లేని పని నానే సేత్తాను" అంటూ ఆయన లేచి, మూలనున్న రేకు పెట్టె గది మధ్యకి లాగాడు. నేల మీద అది చేసిన చప్పుడు ఇప్పటికీ నా పళ్లలో ఉంది. మూత తీసి, దండెం మీంచి నా గౌను లాగి అందులో పడేశాడు.

అమ్మ లేచి నిలబడింది. మోచేతుల దాకా పిండి. నోరు తెరవలేదు. రెండు చేతులూ ముందుకి చాచి, అరచేతులు నేలకి చూపి, గట్టిగా అడ్డంగా ఊపింది. ఒకసారి. మళ్లీ. పిండి పొడి రాలి మావయ్య చొక్కా మీద పడింది.

"ఏటే అది? పిండి దులుపుకుంటన్నావా?" అన్నాడాయన.

చెల్లి గుసగుసగా చెప్పింది. "ఆపమంటంది మావయ్యా. మిగతా సిగ్నళ్లు ఖలాసీయే ఇవ్వాల. ఇది మట్టుకు ఎవులిచ్చినా క్రేను ఆపీయాల. నాన్న సెప్పినాడు."

మావయ్య మా ముగ్గురి వైపూ మార్చి మార్చి చూశాడు. అమ్మ చేతులు దించలేదు. పెద్దన్నయ్య ముందు ఎప్పుడూ తల కూడా ఎత్తని మనిషి. "నా గుంటని నాను అంపను" అంది, తెర వెనక నాన్న లేవకుండా ఎంత మెల్లగా అనాలో అంత మెల్లగా. ఆయన నా గౌను తీసి మళ్లీ దండెం మీద వేశాడు. వేడి కజ్జికాయ ఒకటి తీసుకుని నాలుక కాల్చుకున్నాడు. సాయంత్రం లేచాక ఈ సంగతి విన్న నాన్న, అమ్మ చేత ఆ సిగ్నలు మళ్లీ ఇప్పించడానికి క్రిస్మస్ దాకా బతిమాలాడు. ఇవ్వనే లేదు.

తర్వాత ఫలితాలొచ్చాయి. పాసయ్యాను! స్నేహితురాలికి నాకంటే ఎక్కువే వచ్చాయి. ఆ తర్వాత కూడా చదువు నాకు తేలిక కాలేదు, పడుతూ లేస్తూనే సాగింది. ఎక్కడ చేతులాడితే అక్కడ గెలిచాను. ఆ క్వార్టర్లు ఇప్పుడు చాలావరకు ఖాళీ, నాన్న లేడు, షిఫ్టు సైకిళ్ల వరదా లేదు.

ఇన్నేళ్లూ నేను ఒకటే అనుకున్నాను. పెద్ద మేడమ్ గదిలో నేను నదులన్నీ చెప్పేసిన సంగతి నాన్న అమ్మకి చెప్పి ఉంటాడు, పిల్ల పాసవుతుందన్న ధైర్యంతోనే అమ్మ ఆ రోజు అన్నయ్యని ఆపి ఉంటుంది అని. టీచరుగారితో మాట్లాడొచ్చిన రోజు సాయంత్రం అమ్మ మా ఇంట్లో బఠానీలు ఒలుస్తుంటే అదే మాట అన్నాను.

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"నదులా? మీ నాన నాకేటి సెప్పినాడు, మళ్లీ రాయిస్తన్నారని సెప్పి తొంగున్నాడు. నువ్వు ఫెయిలైపోనావనే అనుకున్నాను."

"మరెందుకు ఆపావే అమ్మా?"

"ఆ పెట్టి మూత తీసినాడు గదా, అప్పుడు అనుకున్నాను, ఇంకిది ఎలిపోద్ది, మీ నాన సుకంగా తొంగుంటాడు, ఇంట్లో సప్పుడుండదు అని. అలగనుకునేసరికి నా సేతులు వాటికవే లేసిపోనాయి." అమ్మ బఠానీలు గిన్నెలో పోసింది. "ఫెయిలైతే అయినావులే. సప్పుడు లేని ఇల్లు నానేటి సేసుకుంటాను?"